రవికె గుడ్డ కట్టుకుని వెళ్లిన బండి

మా ఇంటికి శ్రావణ శుక్రవారం నాడు వచ్చి, బొట్టు పెట్టించుకుని, రవికె గుడ్డ పుచ్చుకుని వెళ్లినవాళ్లలో ఒక మోటార్‌సైకిల్ కూడా ఉంది. కాప్రాలో మా వీధివాళ్లు ఇప్పటికీ ఆ సంగతి తలచుకుని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కానీ ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు.

ఆ బండి మా ఇంటికి ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ముందు మా నాయిన మోకాళ్ల గురించి చెప్పాలి.

నాయిన రాంగోపాల్‌పేట్‌లో ఒక సందులో మోటార్‌సైకిల్ మెకానిక్. నలభై ఏళ్లు గొంతుక్కూర్చుని పనిచేశాడు. నాకు చిన్నప్పుడు ఆయాసం ఎక్కువ. రెండో తరగతి సగంలో బడి మాన్పించారు. అందుకని నా చదువంతా ఇంట్లోనే, నాయిన దగ్గరే. పొద్దున పద్యం, తర్వాత లెక్కలు. పలక బదులు నా ముందు చైను పళ్ల చక్రాలు రెండు పెట్టేవాడు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. "ముందు చక్రానికి పద్నాలుగు పళ్లు, వెనక దానికి నలభై రెండు. చిన్నది ఎన్నిసార్లు తిరిగితే పెద్దది ఒక్కసారి తిరుగుతది బిడ్డా?" అని అడిగేవాడు. నేను గ్రీజు వేళ్లతో పళ్లు లెక్కపెట్టి, "మూడు నాయినా" అనేదాన్ని. భాగహారం నాకు అట్లా వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు బండ్ల వెంట వచ్చే పుస్తకాల్లోంచి వచ్చాయి. ఇప్పుడు నలభై ఆరేళ్ల వయసులో మా వీధి పిల్లలకు లెక్కలు చెబుతున్నానంటే అది ఆ రెండు చక్రాల పుణ్యమే. దేవుడు నాకు బడి ఇవ్వలేదు, బడంత మనిషిని ఇచ్చాడు.

ఆ మనిషికి ఏడాదికి ఒక్కటే కోరిక ఉండేది. మెదక్ దాటాక అడవిలో ఒక గుట్ట ఉంది, దాని మీద గుహలో నరసింహస్వామి. ఊరు అయిపోయాక ఐదు కిలోమీటర్లు కాలిబాట. బండరాళ్లు, ఒక వాగు, ఆఖరున ఎక్కుడు. ప్రతి కార్తీకంలో ఒక శనివారం నాయిన అక్కడికి నడిచి వెళ్లేవాడు. అమ్మ పోయిన ఏడాది కూడా వెళ్లాడు. మోకాళ్లు అరిగిపోయాక ఆగిపోయాడు. ఆరేళ్లయింది. మా ఇంటి పైవాటాలో ఉంటూ, కార్తీక శనివారాల్లో పడమటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఏమీ అనేవాడు కాదు. ఆ ఊరుకోవడమే నాకు కష్టంగా ఉండేది.

రాళ్ల మధ్య బాట ఇరుకు, ట్రాక్టర్ పట్టదు. డోలీ మాట్లాడతానంటే ఒప్పుకోలేదు.

"నలుగురు మోసుకపోయేది ఎట్లైనా ఒకసారి ఉంటది బిడ్డా. దానికి ఇప్పటి నుంచే తొందరెందుకు?" అన్నాడు.

ఆ మాటకు మా అత్తయ్య, "శుభమా అని దేవుడి మాట మాట్లాడుకుంటుంటే ఏమిటా మాటలు, అన్నయ్యగారూ!" అని చెవులు మూసుకుంది. అత్తయ్యది గోదావరి వైపు. ముప్పై ఏళ్లుగా సికింద్రాబాద్‌లో ఉన్నా మాట మాత్రం అక్కడే వదిలి రాలేదు.

ఆరో కార్తీకం గడిచాక పూజలో కూర్చుని ఒక మాట అనుకున్నాను. వచ్చే కార్తీకానికి నాయినను నేనే తీసుకెళ్తాను, నా వెనక కూర్చోబెట్టుకుని. స్కూటర్, మా ఆయన బండి రెండూ నడుపుతాను కదా, రాళ్ల బాట మాత్రం రాదా అనుకున్నాను. తారు రోడ్డు మీద వంద కిలోమీటర్లు పోవాలి, ఆ తర్వాత అడవి బాటలో ఐదు. రెండింటికీ పనికొచ్చే బండి కావాలి.

షోరూములో అలాంటి బండ్లు తయారుగానే ఉన్నాయి. ఒకటి ఎక్కి చూశాను. నా కాళ్లు రెండు వైపులా గాలిలో వేలాడాయి. మా ఆయన పక్కన నిలబడి, "దీనికి హెల్మెట్‌తో పాటు ఒక స్టూలు కూడా ఇస్తారా అని అడుగు" అన్నారు. అమ్మే అబ్బాయి నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. నాకు ఉడుకుమోత్తనం వచ్చింది కానీ, ఆయన అన్నది నిజమే. అంత బరువు బండిని, వెనక మనిషితో, రాళ్ల మధ్య నా పొట్టి కాళ్లతో ఆపలేను.

నాయినకు చెబితే ఆయన కళ్లలో పాత మెకానిక్ లేచి కూర్చున్నాడు.

"తయారు బండి వద్దు. మట్టిల ఉరికే తేలిక బండి ఒకటి పట్టు. దానికి లైట్లు, అద్దాలు, హారన్ మనమే పెట్టుకుందాం. చేతులు ఇంకా అరగలే కదా, మోకాళ్లే అరిగినయి."

శామీర్‌పేట దాటాక ఎర్రమట్టి మైదానంలో బండి నేర్పే మాస్టర్ ఒకతను ఉన్నాడని తెలిసి వెళ్లాను. నాకంటే పదేళ్లు చిన్న. ఒళ్లంతా పాత దెబ్బల మచ్చలు, ముఖమంతా నవ్వు. మట్టి బండి కావాలి, రోడ్డుకు కూడా వచ్చేట్టు మార్పించుకుంటాను అని చెప్పాను. ఎందుకని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. నలభై ఆరేళ్ల ఆడది ముసలి తండ్రిని వెనక వేసుకుని గుట్ట ఎక్కిస్తానంటే నవ్వుతాడేమోనని సిగ్గు.

అతను చూపించిన బండి పందాలకు తిరిగినది. చిలకపచ్చ రంగు. నడుము సన్నం, ఒక చేత్తో పక్కకు జరపవచ్చు. సీటు ఎత్తే కానీ, కూర్చోగానే స్ప్రింగులు దిగి నా మునివేళ్లు నేలకు అందాయి. ప్రాణం లేచివచ్చింది.

"అక్కా, ఇది గ్రౌండ్ బండి. జెర ఆలోచించుకోండి" అన్నాడు మాస్టర్.

గ్రౌండ్ బండి అంటే గ్రౌండ్‌లో తిరిగే బండి అనుకున్నాను, లైట్లు పెడితే రోడ్డు బండి అయిపోతుందనుకున్నాను. "మా నాయిన చూడాలి తమ్ముడూ, రెండు రోజులు ఇంటికి పంపిస్తావా?" అన్నాను. సరేనన్నాడు.

బండి ట్రాలీ ఆటోలో మా ఇంటి ముందు దిగింది శుక్రవారం పొద్దున. శ్రావణ శుక్రవారం. అత్తయ్య అప్పటికే మోండా మార్కెట్ నుంచి పూలు, తమలపాకులు తెచ్చి పెట్టుకుంది. సాయంత్రం పేరంటానికి శనగలు నానుతున్నాయి. నేను కొలతల టేపు కోసం పైవాటాకు వెళ్లి, నాయినను చెయ్యిపట్టి మెట్లు దింపి తెచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాల్లో జరగాల్సింది జరిగిపోయింది.

బండికి చేమంతుల దండ. రెండు చక్రాల కింద నిమ్మకాయలు. కొబ్బరికాయ పగిలింది. హారతి కర్పూరం ఇంకా వెలుగుతోంది. అత్తయ్య కుంకుమ వేలితో బండి ముందు నిలబడి ఉంది, ముఖంలో చిన్న అయోమయం.

"దీనికి దీపం ఏదమ్మా? ముఖం లేని బండికి బొట్టు ఎక్కడ పెట్టాలో తెలియక, ఇదిగో, ఈ పలక మీద పెట్టాను" అంది. పందెంలో నంబరు అంటించే ప్లాస్టిక్ పలక అది. దాని నడుమ నిండు రూపాయంత కుంకుమ.

"అత్తయ్యా, అది ఇంకా మనది కాదు. చూడడానికి తెచ్చింది!"

"చూడడానికా? గుమ్మం ముందు దిగితే కొన్నారనుకున్నాను!"

నాయిన కుర్చీ బండి పక్కన వేయించుకుని, దండ కొంచెం జరిపి, వెనక భాగం వేళ్లతో తట్టి చూశాడు. సీటు కింద ఫ్రేము సన్నటి అల్యూమినియం గొట్టం. వెనక మనిషి కాళ్లు పెట్టుకునే చోటే లేదు.

"బిడ్డా, బండి బంగారం. కానీ దీని మీద మనిద్దరం కూర్చుంటే స్వామి దగ్గరికే పోతం. గుట్టకు కాదు, పైకి."

మాస్టర్‌కు ఫోన్ చేశాను. బండి కాగితాల మాట అడిగితే అతను తెల్లబోయాడు. "ఆర్సీనా? దీనికి ఉండదక్కా! ఇది రోడ్డు కోసం పుట్టిన బండి కాదు. లైట్లు పెట్టినా రిజిస్టర్ చెయ్యరు. గ్రౌండ్ బండి అని చెప్పిన కదా!" నిజమే, చెప్పాడు. నేనే వినవలసినట్టు వినలేదు. పచ్చరంగు చూసి మురిసిపోయాను.

సరే, పంపించేద్దాం అన్నాను. అత్తయ్య బండికి అడ్డంగా నిలబడింది.

"బొట్టుపెట్టి హారతిచ్చిన బండిని వెనక్కి తోలేస్తారా? అందులోనూ శుక్రవారం నాడు! దేవుడి దగ్గరికి పోవడానికి అనుకున్న బండి. మొదట్లోనే ఇలా చేస్తే అన్నయ్యగారి ప్రయాణానికి మంచిది కాదమ్మా."

కోపంతో అన్న మాట కాదది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, తన తొందర వల్ల నాయినకు ఏమవుతుందోనని. చదువుకున్నవాళ్లు దీన్ని చాదస్తం అనవచ్చు. నేను మాత్రం అనలేకపోయాను. ట్రాలీ ఆటో మళ్లీ పిలిచి, బండి హ్యాండిల్ పట్టుకున్నాను కానీ చెయ్యి ముందుకు తొయ్యలేదు. ఆరేళ్ల తర్వాత మొక్కిన మొక్కు. అది తప్పుతో మొదలైతే? ఉంచుకుంటే పనికిరాదు, పంపితే మనసు ఒప్పదు. ఆటో డ్రైవర్ బీడీ ముట్టించుకుని, "ఎక్కిచ్చాల్నా వద్దా, అదన్న చెప్పుండ్రి" అన్నాడు.

అప్పుడు నాయిన గొంతు సవరించుకున్నాడు.

"చెల్లెమ్మా, ఇయ్యాల సాయంత్రం మీ ఇంటికి ఎంతమంది ఆడోళ్లు వస్తరు?"

"పది, పదిహేను మంది వస్తారు. ఎందుకు అన్నయ్యగారూ?"

"వాళ్లందరికి బొట్టు పెడతవ్ కదా?"

"పెట్టనా మరి!"

"పెట్టినంక వాళ్లను ఇంట్లనే ఉంచుకుంటవా, తోలిస్తవా?"

అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. నవ్వు ఆగాక, "ఉండండి, ఉండండి, ఊరికే పంపుతామా" అంటూ లోపలికి పరుగెత్తింది. వచ్చేటప్పుడు చేతిలో రెండు తమలపాకులు, వక్క, రెండు అరటిపళ్లు, నానిన శనగల పొట్లం, మడతపెట్టిన పచ్చని రవికె గుడ్డ. "రంగు కలిసింది చూడు" అని నాకే చూపించి, ఆ గుడ్డను హ్యాండిల్‌కు ముడేసింది. పళ్లూ శనగలూ కవరులో పెట్టి అద్దం ఉండవలసిన చోట తగిలించింది. బండి ముందు నిలబడి, ఇంటికొచ్చిన ఆడవాళ్లతో అన్నట్టే, "మళ్లీ రావాలమ్మా" అంది.

నా చెయ్యి అప్పుడు కదిలింది.

ట్రాలీ వెనకే స్కూటర్ మీద నేనూ వెళ్లాను, జరిగింది చెప్పుకుని మన్నించమనడానికి. దండతో, బొట్టుతో, రవికె గుడ్డ రెపరెపలాడిస్తూ దిగుతున్న తన పందెం బండిని చూసి మాస్టర్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. సంగతంతా చెప్పాను. ఈసారి ఏదీ దాచలేదు. నాయిన, మోకాళ్లు, డోలీ, గుట్ట, వాగు, అంతా. శనగలు నములుతూ విన్నాడు. నవ్వుతాడనుకున్న చోట నవ్వలేదు.

"అక్కా, బండి ఎట్లాంటిది కావాలో చెప్పినవ్ గానీ, వెనక ఎవరు కూర్చుంటరో చెప్పలే. అది కదా ముందు చెప్పేది!"

షెడ్డులోంచి ఇంకో బండి తోసుకొచ్చాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లు కింద పడేయడానికి ఉంచినది. రంగు ఏమిటో ఎర్రమట్టిలో తెలియలేదు. ఒకప్పుడు రోడ్డు బండే, రాళ్ల బాటకు కూడా సరిపోయేట్టు కట్టినది. లైట్లు, అద్దాలు పీకేసి మట్టిలో తిప్పుతున్నాడు. వెనక ఇనుప ఫ్రేము గట్టిగా ఉంది. నంబరు ప్లేటు గోడకు మేకు మీద వేలాడుతోంది. కాగితాలు తీసి చూపించాడు. ఆర్సీలో కూర్చునేవాళ్లు ఇద్దరు అని ఉంది. ఎక్కి కూర్చున్నాను. మునివేళ్లు కాదు, పాదాల ముందుభాగం అంతా నేలకు ఆనింది. అక్కడే, ఆ షెడ్డులోనే, స్వామికి మనసులో దండం పెట్టుకున్నాను.

ఆ రెండు నెలలంత సంతోషంగా నేనెప్పుడూ పని చెయ్యలేదు. నాయిన కుర్చీలో కూర్చుని చెప్పడం, నేను కింద కూర్చుని విప్పడం. చిన్నప్పుడు గొంతుక్కూర్చున్నది ఆయన, స్టూలు మీద ఉన్నది నేను. ఇప్పుడు తారుమారు. దీపం, అద్దాలు, హారన్, ఇండికేటర్లు, ఏది ఎక్కడిదో అక్కడ తిరిగి బిగించాము. కాగితాలు నా పేరుకు మారాయి. టైర్లు రోడ్డుకూ మట్టికీ చెరిసగం పనికొచ్చేవి వేయించాము. సీట్లు కుట్టే అతను వెనక భాగంలో రెండు వేళ్ల మందం దూది ఎక్కువ పెట్టాడు. ఆదివారాలు మాస్టర్ దగ్గర ఇసుకలో నడపడం నేర్చుకున్నాను. నాయిన బరువుకు సరిపడా బియ్యం బస్తా వెనక కట్టుకుని తిరిగాను. నాలుగుసార్లు పడ్డాను. బస్తా ఒకసారి చిరిగింది. ఆ బియ్యం మాస్టర్ కోళ్లు తిన్నాయి. "వెనక మా నాయినే ఉంటే నీ కోళ్లకు ఒక్క గింజా దొరికేది కాదు" అంటే అతను పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఒక సాయంత్రం నాయిన జేబులోంచి చిన్న పళ్ల చక్రం తీశాడు. బండికి ముందు ఉన్నది పద్నాలుగు పళ్లది, వెనక నలభై రెండు. మా పాత లెక్కే. ఆయన చేతిలోది పదమూడు పళ్లది.

"ఇది ఏస్తే ఎంత?"

"పదమూడు మూళ్లు ముప్పై తొమ్మిది. మూడుసార్లు తిరిగి, ఇంకొంచెం తిరగాలె."

"శేషం?"

"మూడు."

"ఆ మూడే మనల్ని ఎక్కుడు ఎక్కిస్తయి. వేగం జెర తగ్గుతది, బలం పెరుగుతది. మనకేం తొందర?" అన్నాడు.

ఒక్క పని మాత్రం ఆయనకు చెప్పకుండా చేశాను. ఆ బండికి వెనక కాళ్లు ఆన్చే పెడళ్లు ఇనుప పళ్లున్నవి. బురదలో బూటు జారకుండా అలా చేస్తారు. గుట్ట బాట మొదట్లో నామాల బండ అని ఒక పెద్ద రాయి ఉంది, తెల్లటి నామం దిద్ది ఉంటుంది. అక్కడ చెప్పులు విడిచి, ఆ పైన ఒట్టి కాళ్లతో వెళ్లాలి. నాయిన ఎంత ఎండలోనూ ఆ నియమం తప్పలేదు. అందుకని ఆ ఇనుప పెడళ్లు తీసి, స్కూటర్‌వి మందపాటి రబ్బరు పెడళ్లు వెతికి తెచ్చి బిగించాను.

కార్తీక శనివారం తెల్లవారుతుండగా బయల్దేరాము. అత్తయ్య మళ్లీ హారతి పళ్లెంతో వచ్చింది. ఈసారి నన్ను రెండుసార్లు అడిగింది, ఇది మనదేనా అని. కాగితం తెచ్చి చూపించాక, హెడ్‌లైటు మీద నిండుగా బొట్టు పెట్టి, "ఇప్పుడు ముఖం వచ్చింది దీనికి" అంది. మా ఆయన నాయిన హెల్మెట్ బెల్టు బిగించి, నాకు మాత్రం వినపడేట్టు, "స్టూలు అక్కర్లేదులే" అన్నారు. ఆయన మెచ్చుకోలు ఎప్పుడూ అంతే.

దారంతా నాయిన నా భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఎదురుగా వచ్చే బండ్ల ఇంజన్ చప్పుడు విని, ఏ బండికి ఏ జబ్బు ఉందో నా చెవిలో చెబుతూనే ఉన్నాడు.

నామాల బండ దగ్గర ఆపాను. నాయిన నెమ్మదిగా దిగి, చెప్పులు విడిచి, రాయికి ఆనించి పెట్టాడు. మళ్లీ ఎక్కి పాదాలు పెడళ్ల మీద పెట్టాడు. కాలి వేళ్లు రబ్బరు మీద అటూ ఇటూ కదలడం వంగి చూశాను.

"ఇనుపవి ఉండె కదా?"

"మార్చిన."

"ఊఁ" అన్నాడు. భుజం మీది చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కింది.

నాకు ఒక్కటే బాధ. "నాయినా, నేను బూట్లు ఇప్పలేను. ఇప్పితే బండి ఆపలేను."

"గుర్రం నాడాలు ఇప్పమంటమా? పోనియ్యి."

వాగులో ఇసుక మెత్తగా ఉంది. ముందు చక్రం పాములా మెలికలు తిరిగింది. దగ్గర చూడకు, దూరం చూడు అని మాస్టర్ చెప్పింది గుర్తు చేసుకుని అవతలి గట్టు మీది మోదుగ చెట్టును చూశాను. నాయిన బియ్యం బస్తా కంటే నిమ్మళంగా కూర్చున్నాడు. గట్టు ఎక్కాక, "శేషం పనిచేసింది" అన్నాడు. ఆఖరి ఎక్కుడు దగ్గర ఇంజన్ ఒక్కసారి మూలిగింది. గోవిందా అన్నాను పైకే. వెనక నుంచి కూడా గోవిందా అని వినపడింది. చక్రం రాయిని పట్టుకుంది, ఎక్కేశాము.

గుహకు పదకొండు మెట్లున్నాయి. అక్కడ నేను బూట్లు విప్పేశాను. నాయిన నా భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ తన కాళ్లతోనే ఎక్కాడు. లోపల చల్లగా ఉంది, నూనె దీపం, గబ్బిలాల వాసన. పూజారి ఆయన్ని గుర్తుపట్టి, "ఏం పెద్దమనిషీ, ఇన్నేండ్లు ఎటు పోయినవ్?" అన్నాడు. నాయిన చేతులు జోడించుకుని నిలబడ్డాడు. నేను ఏమీ కోరుకోలేదు. కోరుకోవడానికి ఇంకేం మిగల్లేదు.

తీర్థం తీసుకున్నాక నాయిన కుంకుమ తన నుదుట పెట్టుకుని, నా వైపు తిరిగి, చెమటకు అతుక్కున్న వెంట్రుకలు పక్కకు జరిపి నాకూ పెట్టాడు.

"గుర్రానికి గూడ బొట్టు ఉండాలె గద" అన్నాడు.

ఆరేళ్లలో ఆయన అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. గుహలో ఆ నవ్వు రెండుసార్లు వినపడింది.